పొయ్యి మాది, కట్టె ఎవరిది?

సర్కారు లెక్కల్లో మా ఇళ్లల్లో పొగ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. తెలంగాణలో నూటికి 90 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 80 మందికి పైగా ‘శుభ్రమైన ఇంధనం’తో వంట చేసుకునే ఇళ్లల్లో ఉన్నారని రాసి ఉంటుంది. శుభ్రమైన ఇంధనం అంటే గ్యాసు, కరెంటు. ఇంక పొయ్యి గురించి మాట్లాడాల్సిన పని లేదన్నట్టు, ఆ ఫైలు మూసేసినట్టు మంత్రులు ఉపన్యాసాలు ఇస్తున్నారు.

ఆ సర్వే అబద్ధమని మేం అనడం లేదు. అడిగిన ప్రశ్న సరిపోలేదంటున్నాం. ‘మీ ఇంట్లో ముఖ్యంగా దేంతో వండుతారు?’ అని అడుగుతారు. ఒకటే జవాబు రాసుకుంటారు. ఇంట్లో బండ ఉంది, పొయ్యి ఉంది, బుక్కు ఉంది. గ్యాసు అని చెప్తే గౌరవం. కట్టెలు అని చెప్తే రేపు ఉన్న కనెక్షన్ ఊడగొడతారేమోనని భయం. గ్యాసే అని చెప్తారు. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఏ వాడకైనా పొద్దుగూకే యాళ్లకు రండి. ప్రతి ఇంటి వెనక పత్తి కట్టె కుప్ప, కంది కట్టె కుప్ప, పక్కన సర్కారు తుమ్మ మొద్దులు, గోడకు కొట్టిన పిడకలు. బువ్వ ఎసరు ఎక్కడ పెట్టారో చూడండి. స్నానాల నీళ్లు ఎక్కడ కాగుతున్నాయో చూడండి. చాయకు గ్యాసు, చుట్టం వస్తే గ్యాసు, వానపడి కట్టె తడిస్తే గ్యాసు. మిగతా రోజులన్నీ మూడు రాళ్లే.

దీనికి చదువుకున్న పెద్దలు చెప్పే కారణం ఒకటుంది. అలవాటట. తెలివి లేకపోవడమట. పొగతో ఊపిరితిత్తులు పాడవుతాయని మాకు తెలీదట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇంటి పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారు. ఆ లెక్క మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నలభై ఏళ్లకే కళ్లల్లో నీళ్లు కారుతూ, రాత్రంతా దగ్గుతూ కూర్చునే అమ్మలు మా ఇళ్లల్లోనే ఉన్నారు. పొగ చెడ్డదని ముందు తెలిసింది ఊదుగొట్టం పట్టుకున్న మనిషికి. (పట్నంలో ఇప్పుడు ‘కట్టెల పొయ్యి వంట’ అని బోర్డు పెట్టి ఎక్కువ రేటుకు బిర్యానీ అమ్ముతున్నారు. మా అమ్మలు పొయ్యి ముందు కూర్చుంటే అది వెనకబాటు, హోటలువాడు కూర్చుంటే అది రుచి.)

మా పొయ్యిని బాగుచేస్తామని వచ్చినవాళ్లు తక్కువమంది కాదు. 1950లలోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టం పెట్టి పొగ లేని పొయ్యి తయారు చేశారు. మంచి ఆలోచనే. 1980లలో కేంద్ర ప్రభుత్వం అలాంటి పొయ్యిల కోసం దేశమంతా ఒక పథకం నడిపింది, 2002లో ఆపేసింది. గుడిసెలో గొట్టం ఎక్కడ నిలబడుతుంది, మసి పడితే ఎవరు తీస్తారు, పగిలితే ఎవరు కడతారు అనేది పథకంలో లేదు. అదే కాలంలో గోబర్ గ్యాసు వచ్చింది. అది నడవాలంటే ఇంట్లో నాలుగు పశువులు ఉండాలి, గుంత తవ్వను పెరడు ఉండాలి, కలపను నీళ్లుండాలి. పటేలు కొట్టంలో పేడ ఎత్తేది మా జీతగాడు, గ్యాసు మండేది పటేలు వంటింట్లో. సామాజిక అడవుల పేరుతో ఊళ్లకు వంటచెరకు పెంచుతామన్నారు. సుబాబుల్, జామాయిల్ పెట్టారు. అవి లారీలెక్కి కాగితం మిల్లులకు పోయాయి. వాడ పొయ్యిలోకి ఒక్క కొమ్మ రాలేదు.

వచ్చినవాళ్లందరూ పొయ్యినే చూశారు. ఆ పొయ్యి ఎవరి స్థలంలో ఉంది, దాంట్లోకి కట్టె ఎవరి చెలకలోంచి వస్తుంది, ఏం ఇచ్చుకుంటే వస్తుంది అని ఎవరూ చూడలేదు.

గ్యాసు సంగతికి వద్దాం. మన దగ్గర ఉజ్వల కంటే చాలా ముందే, 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు డిపాజిట్ లేకుండా కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల వచ్చింది. 2018లో దాన్ని ఎస్సీ, ఎస్టీ కుటుంబాలన్నిటికీ విస్తరించామన్నారు. కనెక్షన్ ఇవ్వడం ఒక రోజు పండగ. ఫోటో దిగుతారు, పేపర్లో పడుతుంది. రెండో బండ కొనడం ఇంటావిడ సమస్య. దేశం మొత్తం మీద ఉజ్వల కుటుంబం 2019-20లో సగటున ఏడాదికి 3 సిలిండర్లు మాత్రమే వాడింది. 2023-24లో కూడా ఆ సగటు 4కు చేరలేదు. ఇవి సర్కారు పార్లమెంటులో చెప్పిన లెక్కలే.

అయిదుగురున్న ఇంట్లో వంటంతా గ్యాసు మీదే చేస్తే ఏడాదికి 10 సిలిండర్లయినా కావాలి. ఒక సిలిండర్లో 14.2 కిలోల గ్యాసు. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడి నూటికి 10, 15 పాళ్లు మించి గిన్నెకు చేరదు. మిగతాది గాలికి, మన కళ్లకు. అందుకని ఒక సిలిండర్ చేసే పని కట్టెతో చెయ్యాలంటే సుమారు 200 కిలోల కట్టె కావాలి. తలమీద మోసే మోపు 25 కిలోలనుకుంటే 8 మోపులు. 10 సిలిండర్లు కావాల్సిన ఇల్లు 3 మాత్రమే కొంటే మిగిలిన 7 సిలిండర్ల పని 56 మోపులు. ఆ 56 మోపులు ఏ సర్వేలోనూ లేవు. మోసేవాళ్ల మెడ నరాలకు తెలుసు.

2023 మార్చిలో హైదరాబాద్‌లో సిలిండర్ ధర 1155 రూపాయలు. పల్లెలో బండి కిరాయి వేరే. ఆ తర్వాత ఎన్నికల ముందు తగ్గించారు, అయిపోయాక మళ్లీ కొంత పెంచారు. ధర ఎంతైనా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కూలి రోజుకింత అని వస్తుంది, వారానికింత అని వస్తుంది. బియ్యం, ఉప్పు, పప్పు విడిగా కొనుక్కోవచ్చు. గ్యాసు మాత్రం ఒక్కసారే మొత్తం పెట్టి కొనాలి. అర్ధకిలో గ్యాసు ఎవడూ అమ్మడు. పని లేని వారం వస్తే బండ ఖాళీగానే నిలబడుతుంది, దాని మీద ఒక గుడ్డ కప్పి టీవీ పక్కన పెడతారు.

ఇప్పుడు అసలు మోసం దగ్గరికి వస్తున్నాం. 2024 ఫిబ్రవరి 27న తెలంగాణలో 500 రూపాయలకే సిలిండర్ పథకం మొదలుపెట్టారు. మొదలుపెట్టినప్పుడే దానికో షరతు పెట్టారు. గడిచిన మూడేళ్లలో మీరు వాడిన సిలిండర్ల సగటు తీసి, అన్నిటికే సబ్సిడీ ఇస్తాం అన్నారు. చదివినప్పుడు చిన్న మాటలాగే ఉంటుంది. వివరంగా చూడండి. మూడేళ్లూ బండ రేటు మండిపోతుంటే ఏడాదికి 10 బండలు ఎవడు కొన్నాడు? జేబులో డబ్బున్నవాడు. మూడుతో సరిపెట్టుకుని మిగతా రోజులు కంపచెట్లు నరికి వండింది ఎవరు? మా అమ్మలు. కొనలేకపోవడాన్నే మా అవసరం కింద రాసుకున్నారు. ‘మీరు మూడే వాడారు కదా, మీకు మూడు చాలు.’ ఆకలితో ఉన్నవాణ్ణి నిన్న ఎంత తిన్నావని అడిగి, ఈ రోజు అంతే వడ్డించినట్టుంది ఈ న్యాయం. ఇది గుమస్తా పొరపాటు కాదు. రిజర్వేషన్ రోస్టర్ దగ్గర్నుంచి భూపంపిణీ దాకా ఈ దేశంలో ప్రతి పంపకంలోనూ ఇదే లెక్క. ఇంతకుముందు ఉన్నవాడికి ఇకముందూ ఇవ్వాలి, ఇంతకుముందు లేనివాడు లేకుండానే బతికాడు కాబట్టి ఇకముందూ బతుకుతాడు.

పైగా ముందు మొత్తం ధర మనం కట్టాలి, తర్వాత బ్యాంకులో వేస్తారు. రోజు కూలి మనిషి నుంచి సర్కారు చేబదులు తీసుకోవడం ఎక్కడైనా ఉందా? బ్యాంకులో పడ్డ డబ్బు పాత అప్పు కింద కోత పడితే అడిగే దిక్కు లేదు. కొత్తగా వేరుపడ్డ కాపురాలకు ఏళ్ల తరబడి రేషన్ కార్డే ఇవ్వలేదు, కార్డు లేనివాళ్లకు ఈ పథకమే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబర్ 1న దీపం-2 కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం అన్నారు. మొదలుపెట్టినప్పుడు అక్కడా ముందు కట్టించుకుని తర్వాత ఇచ్చే పద్ధతే. మూడు ఉచితం మంచిదే, కాదనం. అక్కడ సగటు పేచీ లేదు, అందరికీ ఒకటే సంఖ్య, అది ఇంకా మంచిది. అయితే మిగతా 7 సిలిండర్ల పని మళ్లీ ఆ 56 మోపులే.

ఆ 56 మోపులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇది అడగకుండా పొయ్యి గురించి ఎంత మాట్లాడినా వృథా.

మాకు చెలక లేదు. చెలక లేనివాడికి గెట్టు లేదు, గెట్టు లేనివాడికి చెట్టు లేదు. భూమి ఉన్న రైతుకు తన తుమ్మ, తన వేప, తన కంది కట్టె, తన పశువుల పేడ ఉంటాయి. అతని ఇంట్లో గ్యాసూ ఉంటుంది. మాకు ఉన్నదల్లా శిఖం భూమి, గైరాన్, బంచరాయి, రోడ్డు పక్క, గుట్ట. అవి ఇప్పుడు ఏమయ్యాయి? శిఖంలో సర్కారు తుమ్మను బొగ్గు కాల్చే కాంట్రాక్టరుకు వేలం వేస్తారు. గైరాన్ ఊరి పెద్దల పట్టాల్లో కలిసింది. హైదరాబాద్ చుట్టూ వంద కిలోమీటర్ల దాకా బంచరాయి ప్లాట్లయి ముళ్లతీగ వేసుకుంది. 2015లో మొదలైన హరితహారంలో మిగిలిన జాగాల్లో మొక్కలు నాటి ‘ఇటు రావద్దు’ అన్నారు. చెట్లు పెంచడానికి మేం వ్యతిరేకం కాదు. ఊరికి చెట్టు పెంచేటప్పుడు వాడకు కట్టె ఎక్కడ అని ఒక్క అధికారి అడిగి ఉంటే చెప్పండి.

ఇంక మిగిలింది పత్తి కట్టె. పత్తి ఏరుడు అయిపోయాక, సంక్రాంతి దాటినంక, చేన్లో మోళ్లు నిలబడి ఉంటాయి. వాటిని పీకి చేను సాపు చెయ్యాలి. అది పని. దానికి కూలి ఇవ్వాలి. ఆసామి ఏమంటాడు? ‘పీక్కుపోండి, కట్టె మీకే.’ చూడ్డానికి దానం. ఎకరం మోళ్లు పీకి, కట్టగట్టి, మోసుకుపోయేసరికి ఆయన చేను ఒక్క రూపాయి ఖర్చు లేకుండా దుక్కికి తయారవుతుంది. మా ఆడవాళ్ల అరచేతులు పగులుతాయి. కూలి లేదు, పైగా ఆయనకు దణ్ణం. మరుసటి ఏడు ఆయన చేన్లో పత్తి ఏరడానికి ముందుగా రావాలి, ఎక్కువ కూలి ఇచ్చేవాడి దగ్గరికి పోగూడదు. పోతే ‘ఈ ఏడు కట్టె ఎట్ల పీకుతవో చూస్త’ అంటాడు. పొయ్యిలో కట్టె చూపించి కూలి రేటు తొక్కిపెట్టడం ఇది. దీన్ని మేం వెట్టి అంటున్నాం. ఈ మధ్య రోటవేటర్ వచ్చి మోళ్లను మట్టిలో కలిపేస్తోంది. వెట్టీ పోయింది, కట్టే పోయింది. యంత్రం ఆసామికి లాభం. దాని వల్ల పోయినదానికి బదులు ఏమిచ్చారని మాత్రం ఎవరూ అడగరు.

నిజాం కాలపు తెలంగాణలో దొరల ఇళ్లకు, గస్తీ వచ్చిన అధికారులకు కట్టెలు కొట్టి మోసింది మాలమాదిగలే. పెళ్లికి గాడిపొయ్యి కట్టెలు మోసిందీ, చావుకు కాష్టం పేర్చిందీ మనవాళ్లే. ఆ ఊళ్లల్లోనే మా ఇంట్లో నిప్పు ఆరిపోతే ఊళ్లోకి పోయి వాకిలి బయట నిలబడాలి. పిడక మీద నిప్పు పెట్టి దూరంగా నేల మీద వదిలేస్తే తీసుకోవాలి. పెద్దవాళ్లను అడగండి, చెప్తారు. వాళ్ల కట్టెలకు మా చెయ్యి పనికొచ్చింది, వాళ్ల నిప్పుకు మా చెయ్యి మైల. నీళ్ల సంగతి లోకానికి తెలుసు. 1927లో మహద్ చెరువు, 1985 జులైలో కారంచేడు మంచినీళ్ల చెరువు. కట్టె దగ్గర జరిగేది మాత్రం వార్త కాదు. గెట్టు మీద ఎండుకొమ్మ విరిచిందని గొడ్డలి గుంజుకుంటారు, కులం పేరు పెట్టి తిడతారు, మోపు విప్పించి అక్కడే పారబోయిస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె మొగుడికి కూడా చెప్పదు. చెప్తే గొడవవుతుంది, రేపు ఆ చేనికే కూలికి పోవాలి.

ఈ మాట చట్టంలో ఉందని మనవాళ్లకు చాలామందికి తెలీదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఊరి ఉమ్మడి వనరులను అందరితో సమానంగా వాడుకోకుండా దళితుల్ని అడ్డుకోవడం దాని 3వ సెక్షన్ కింద నేరం. వెట్టి చేయించడమూ అదే సెక్షన్ కింద నేరం. శిఖం తుమ్మ దగ్గర, గైరాన్ దగ్గర అడ్డుకుంటే ఈ మాట పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా పెట్టాలి.

కరెంటు గురించి కూడా చెప్పాలి. రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటు ఉంది. కొత్తగూడెం, పాల్వంచ, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం, విశాఖ పక్కన పరవాడ, ఎక్కడ చూసినా బూడిద చెరువుల పక్కన ఉండేది పేదవాళ్లే. కరెంటు మాత్రం భూమిని చూసి నడిచింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జనం నెత్తురు పారింది. ఆ పోరాటం తర్వాత 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వచ్చింది ఎవరికి? బోరు ఉన్నవాడికి. బోరు ఎవరికుంటుంది? భూమి ఉన్నవాడికి. ఎంత ఎక్కువ భూమి, ఎన్ని ఎక్కువ బోర్లు ఉంటే అంత ఉచితం. అక్కడ ‘మూడేళ్ల సగటు’ లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలు ఇచ్చారు. బోరుకు లేని సగటు బండకు ఎందుకొచ్చిందో ఏలినవాళ్లు చెప్పాలి.

2024లో తెలంగాణలో రేషన్ కార్డున్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు అన్నారు. మా ఇంట్లో ఉన్నదేంటి? రెండు బల్బులు రోజుకు 6 గంటలు వెలిగితే నెలకు 3 యూనిట్లు. ఒక ఫ్యాన్ 10 గంటలు తిరిగితే 22 యూనిట్లు. టీవీ 4 గంటలకు 7 యూనిట్లు. సెల్‌ఫోన్ చార్జింగుకు ఒకటి. మొత్తం 33. 200 ఇస్తున్నామని గోడల మీద రాసుకున్న సర్కారు మా ఇంటికి నిజంగా ఇచ్చేది 33, ఎండాకాలం 50. ఫ్రిజ్జు, కూలరు ఉన్న ఇల్లు 190 వాడుకుంటుంది. మిగిలిన మా 150 యూనిట్లు ఎక్కడున్నాయి?

ఆ 150 యూనిట్లలో మా వంటంతా అయిపోతుంది. కరెంటు పొయ్యి మీద అయిదుగురికి నెలంతా వండితే 100 నుంచి 120 యూనిట్లు పడతాయి. 33 కలిపినా 155 దాటదు. మరి ఎందుకు చెయ్యడం లేదు? పొయ్యి ఎవరూ ఇవ్వలేదు. ఇంటి సర్వీసు తీగ ఒక బల్బు కనెక్షన్ నాటిది. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ కింద 60 ఇళ్లున్నాయనుకోండి, ఒక్కో పొయ్యి 1500 వాట్లు, సాయంత్రం అందరూ ఒకేసారి పెడితే 90 కిలోవాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. బోర్ల కోసం చెలకల్లో కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు దించినవాళ్లు వాడ పొయ్యి కోసం ఒక్కటి దించడానికి ఎందుకు ఆలోచించరు? ఒక జాగ్రత్త కూడా చెప్తున్నాం. నెలలో 200 దాటితే మొత్తం బిల్లు మన మీద పడుతుంది. మీటరు చూసుకుంటూ వాడాలి. స్నానాల నీళ్లు కూడా దాని మీదే పెడితే దాటుతుంది.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నారు. దేశంలో విద్యుత్తు విధానం అప్పుడు ఆయన శాఖలోనే ఉండేది. కరెంటు పుష్కలంగా ఉంటే చాలదు, చౌకగా ఉండాలని, పేదరికం నుంచి బయటపడే దారి అక్కడుందని ఆయన వాదించారు. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మన సంఘాల్లో కొందరు నాయకులు అంటుంటారు, ఇది ఆడవాళ్ల సంగతి, భూమి, ఆత్మగౌరవం, రాజ్యాధికారం ముఖ్యం అని. వాళ్లను మేం అడుగుతున్నాం. గెట్టు మీద కొమ్మ విరిచినందుకు తిట్టు తిన్నది ఆత్మగౌరవం కాదా? కట్టె కోసం కూలి లేకుండా చేను సాపు చేస్తే అది భూమి ప్రశ్న కాదా? సభకు వచ్చేముందు మీరు తిన్న అన్నం ఏ పొయ్యి మీద ఉడికిందో అడిగి రండి.

మేం అడుగుతున్నవి ఇవి. తెలంగాణలో మూడేళ్ల సగటు షరతు ఎత్తెయ్యాలి, ప్రతి పేద కుటుంబానికి ఏడాదికి 10 సిలిండర్లని లెక్క కట్టాలి. సబ్సిడీ పోను మిగిలిందే డీలరు దగ్గర కట్టించుకోవాలి, తర్వాత బ్యాంకులో వేసే పద్ధతి వద్దు. 200 యూనిట్లలో వండుకోవాలనుకునే ఇంటికి కరెంటు పొయ్యి ఇచ్చి, తీగ, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి. శిఖం తుమ్మ వేలం ఆపి, వాడ ఆడవాళ్ల సంఘానికి నరుక్కునే హక్కు పంచాయతీ తీర్మానంతో రాసివ్వాలి. మోళ్లు పీకితే కూలి, కట్టె రెండూ ఇవ్వాలి.

వచ్చే గ్రామసభలోపు ప్రతి వాడలో మనవాళ్లు ఇల్లిల్లూ తిరగాలి. ఒక నోటుబుక్కులో ఇంటికో గీత గీసి రాయండి. గడిచిన ఏడాది ఎన్ని బండలు కొన్నారు, ఎన్నిటికి సబ్సిడీ పడింది, వారానికి ఎన్ని మోపులు తెచ్చారు, ఎవరి చేనులోంచి తెచ్చారు, కూలి ఇచ్చారా, కరెంటు బిల్లులో ఎన్ని యూనిట్లున్నాయి. మగవాళ్లను అడగొద్దు, వాళ్లకు తెలీదు. గ్యాసు బుక్కులు, బిల్లులు జిరాక్సు తీసి జత చెయ్యండి. ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి జీరో బిల్లుల కింద ఎంత చూపిస్తున్నారో మండలంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. గ్రామసభలో ఆ నోటుబుక్కు ఆడవాళ్లే చదవాలి. కార్యదర్శి రాసుకోనంటే, రాసుకోనని రాసి సంతకం పెట్టమనండి.